వెబ్‌సైటు పెట్టి పద్నాలుగు నెలలు, వచ్చిన ఎంక్వైరీలు మూడు. మూసేద్దామా?

కాడుగోడి_నీళ్ళోడు
బెంగళూరు కాడుగోడిలో వాటర్ సాఫ్ట్‌నర్లు (బోరునీళ్ళ గరుకు తగ్గించేవి), తాగే నీళ్ళ ఆర్ఓ మెషీన్లు బిగించే పని మాది. సొంతూరు మదనపల్లి. నేను, మా బావమరిది, ఇద్దరు కుర్రాళ్ళు. తొమ్మిదేళ్ళుగా పనంతా నోటిమాట మీదే నడుస్తోంది. ఒకరింట్లో బిగిస్తే పక్కింటివాళ్ళు పిలుస్తారు. కిందటేడాది ఒకతను వచ్చి "ఈ కాలంలో సైటు లేకుండా బిజినెస్ ఏందన్నా" అని ఊదరగొట్టి, 35,000 తీసుకుని సైటు చేసిచ్చాడు. చూడ్డానికి బానే ఉంది. మొదటి పేజీ తెరవగానే నీటిచుక్క పడుతుంది, అలలొస్తాయి.

ఇన్నాళ్ళలో దాని ద్వారా మెయిల్‌కి వచ్చినవి మూడే. ఒకటి "మీ సైటును గూగుల్ మొదటి పేజీలోకి తెస్తాం" అని. రెండోది కూడా అదే, కంపెనీ వేరు. మూడోది ఎవరో ఉద్యోగం కావాలని పంపిన బయోడేటా. ఇప్పుడు హోస్టింగ్, అంటే సైటును నెట్‌లో ఉంచే అద్దె, రెన్యువల్‌కి 6,800 కట్టమంటున్నాడు. ఆ డబ్బుతో పాంప్లెట్లు కొట్టించి అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర పంచితే మేలు కదా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మారతహళ్ళి_మెస్
బయోడేటా పంపినోడికి ఉద్యోగమైనా ఇచ్చావా? ఒక ఎంక్వైరీ అయినా పనికొచ్చినట్టు ఉండేది.

చిక్‌పేట_పాతకాపు
వదిలెయ్ నాయనా. మా నాన్న చీరల కొట్టు పెట్టినప్పుడు బోర్డు తప్ప ఏమీ లేదు. ఇప్పటికీ పెళ్ళి బట్టలకి ధర్మవరం నుంచి, హిందూపురం నుంచి వెతుక్కుంటూ వస్తారు. మాటే పెట్టుబడి. సైట్లు పెద్ద కంపెనీలకి.

హెచ్ఎస్ఆర్_కోడర్
అన్నా, తొందరపడి మూసెయ్యొద్దు. లింకు నాకు విడిగా పంపు, ఇక్కడ పెట్టకు. ఒకసారి చూసి చెప్తా. ఫ్రీనే, మళ్ళీ 35,000 అడగను.

సీఏ_రాజాజీనగర్
పాతకాపుగారూ, మీరు చెప్పింది సగమే నిజం. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్లంబర్ దగ్గర్నుంచి పురోహితుడి దాకా నంబర్లు ఇస్తారు. నంబరు రాగానే నేను ఫోన్ చేయను. ముందు ఆ పేరు గూగుల్లో కొట్టి చూస్తాను. ఫొటోలు, రివ్యూలు కనపడితే చేస్తాను. ఏమీ కనపడకపోతే గ్రూపులో ఇచ్చిన రెండో నంబరుకి చేస్తాను. నోటిమాట మీద వచ్చేవాళ్ళు కూడా దారిలో ఒకసారి గూగుల్ తలుపు తట్టే వస్తారు. అక్కడ వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో మనకి తెలీదు, ఎందుకంటే వాళ్ళు ఫోనే చెయ్యలేదు.

చిక్‌పేట_పాతకాపు
సీఏలకి అనుమానం వృత్తిధర్మం. అందరూ అట్లా ఉండరు.

హెచ్ఎస్ఆర్_కోడర్
అన్న లింకు పంపాడు. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర బస్సులో నిలబడి ఫోన్లో తెరిచా. ఉన్నదున్నట్టు చెప్తున్నా, ఏమనుకోకు.

ముందు తెల్లటి తెర. పదకొండు లెక్కపెట్టేసరికి నీటిచుక్క వచ్చింది. చుక్క పడింది, అలలు లేచాయి, "స్వచ్ఛతే మా శ్వాస" అని అక్షరాలు ఒక్కొక్కటే తేలుతూ వచ్చాయి. అప్పటికి బస్సు కదిలింది. కిందికి జరిపితే ఎవరో తెల్లదొరల కుటుంబం గాజు గ్లాసుల్లో నీళ్ళు తాగుతూ నవ్వుతున్నారు. ఆ తర్వాత "మా విజన్", "మా మిషన్". మీరు ఏం అమ్ముతారో తెలియడానికి ఐదుసార్లు జరపాల్సి వచ్చింది. ఏ ఏరియాకి వస్తారో ఎక్కడా లేదు. ఫోన్ నంబరు పైన ఉంది కానీ అది బొమ్మలో కలిపేసిన నంబరు. వేలితో నొక్కితే ఏమీ కాదు. గుర్తుపెట్టుకుని డయల్ చేసుకోవాలి. బస్సులో ఒంటి చేత్తో ఎవరు చేస్తారు?

ఇంటికొచ్చి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెట్టా. సైటు ఎంత వేగంగా తెరుచుకుంటుందో కొలిచేది, గూగుల్‌దే, ఫ్రీ. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్ల లోపు కనపడితే బాగున్నట్టు లెక్క. నీ చుక్క ఒక్కటే ఆరు ఎంబీ వీడియో అన్నా.

మారతహళ్ళి_మెస్
ఆ దొరల ఫొటో మా ఏరియా పంటి డాక్టరు బోర్డు మీద కూడా ఉంది. అక్కడ గ్లాసులు లేవు, బ్రష్షులున్నాయి.

కాడుగోడి_నీళ్ళోడు
ఆ చుక్క కోసమే ఎక్స్‌ట్రా 4,000 తీసుకున్నాడు.

కూచిపూడి_టీచర్
ఇందిరానగర్‌లో డాన్స్ క్లాసులు చెప్తాను. నాకూ ఇదే అయింది. నా సైట్లో ఎంక్వైరీ ఫారంలో తొమ్మిది గళ్ళుండేవి. పిల్ల పేరు, తండ్రి పేరు, వయసు, స్కూలు, చిరునామా, మెయిలు, ఇంతకుముందు నేర్చుకున్నారా... స్కూల్ అడ్మిషన్ లాగా. ఒక తల్లి క్లాసుకొచ్చాక చెప్పింది, "సగం నింపి విసుగొచ్చి వదిలేశానండీ, మీ నంబరు వేరేచోట దొరికింది" అని. ఆ రోజే పేరు, ఫోన్ నంబరు తప్ప అన్నీ తీయించేశాను. మిగతావి ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎలాగూ అడుగుతాం కదా.

పీణ్యా_లేత్
టీచర్‌గారి మాట ఇళ్ళ కస్టమర్లకి సరిపోతుంది. నాది పీణ్యాలో సీఎన్‌సీ జాబ్ వర్క్, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషీన్ల మీద కంపెనీలకి పార్టులు చేసిచ్చే పని. రెండు గళ్ళ ఫారం పెడితే కాలేజీ పిల్లలు ప్రాజెక్టుకి ఒక్క పీసు చేసిస్తారా అని అడుగుతారు. నేను డ్రాయింగ్ అప్‌లోడ్, మెటీరియల్, ఎన్ని పీసులు అనే గళ్ళు కావాలనే పెట్టా. ఎంక్వైరీలు తగ్గాయి కానీ వచ్చినవి కొటేషన్ దాకా వెళ్తున్నాయి. నా సైట్లో డిజైన్ ఏమీ లేదు. ఏ మెషీను, ఎంత వ్యాసం దాకా తిప్పగలం, కొలతలో తేడా ఎన్ని మైక్రాన్లకి మించకుండా చేయగలం, కనీసం ఎన్ని పీసులు తీసుకోవాలి, అంతే. హోసూరు నుంచి పర్చేజ్ మేనేజర్లు అది చూసే ఫోన్ చేస్తారు.

యాడ్స్_పిచ్చోడు
సైటు ఎంత బాగున్నా జనం రాకపోతే ఏం లాభం బ్రో? గూగుల్ యాడ్స్ పెట్టు. రోజుకి 500 చాలు. వారంలో ఫోన్ మోగుతుంది.

కాడుగోడి_నీళ్ళోడు
పెట్టా బ్రో. చెప్పడం మర్చిపోయా. పోయిన ఎండాకాలం ఒక నెల 15,000 కాల్చా. ఫోన్ మోగింది, నిజమే. సగం మంది "20 లీటర్ల క్యాన్ ఎంత?" అని. పావు వంతు వాళ్ళు ఏదో పెద్ద కంపెనీ ఆర్ఓ కొని, వాళ్ళ కస్టమర్ కేర్ అనుకుని నన్ను తిట్టారు. ఒకాయన తుమకూరు నుంచి. ఒకాయన ఏకంగా పాట్నా నుంచి.

మారతహళ్ళి_మెస్
పాట్నాకి క్యాన్ వేసేస్తే పోయేది కదన్నా, రైల్లో.

యాడ్స్_పిచ్చోడు
ఎవరు సెట్ చేశారో గానీ అన్నీ డిఫాల్ట్‌లో వదిలేశారు. అకౌంట్లో సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ ఉంటుంది. జనం అసలు ఏం టైప్ చేసి నీ యాడ్ నొక్కారో అందులో కనపడుతుంది. క్యాన్, కస్టమర్ కేర్, జాబ్స్, సెకండ్ హ్యాండ్, కంపెనీల పేర్లు, ఇవన్నీ నెగెటివ్ కీవర్డ్స్‌లో, అంటే ఈ మాటలు కొడితే యాడ్ చూపించొద్దు అనే లిస్టులో పడేయాలి. బ్రాడ్ మ్యాచ్ (కాస్త సంబంధం ఉన్న ప్రతి సెర్చ్‌కీ యాడ్ చూపించేది) తీసేసి ఫ్రేజ్ మ్యాచ్ (మన మాట అర్థం ఉన్న సెర్చ్‌లకే చూపించేది) పెట్టు. లొకేషన్ దగ్గర, బెంగళూరులో "ఉన్నవాళ్ళు" అనేది వేరే ఆప్షన్. మామూలుగా టిక్ అయి ఉండేది బెంగళూరులో ఉన్నవాళ్ళు లేదా బెంగళూరు మీద "ఆసక్తి ఉన్నవాళ్ళు". పాట్నా ఆయన అట్లా వచ్చుంటాడు, కొడుకు ఇక్కడ ఉద్యోగం చేస్తుంటాడేమో.

సీఏ_రాజాజీనగర్
యాడ్స్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. బిల్లింగ్ ప్రొఫైల్లో మీ జీఎస్టీ నంబరు ఇచ్చారా? ఇస్తే రెగ్యులర్ జీఎస్టీ స్కీమ్‌లో ఉన్నవాళ్ళు క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారుల కంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే రాదు. నా క్లయింట్లలో చాలామంది నంబరు ఇవ్వకుండా ఊరికే వదిలేస్తున్నారు.

హెచ్ఎస్ఆర్_కోడర్
యాడ్స్ తర్వాత. చిల్లు కుండలో నీళ్ళు పోసి లాభం లేదు. అన్నా, నాకొక డౌటు. నువ్వు చెప్పిన ఆ మూడు మెయిళ్ళూ ఫారం నుంచి వచ్చాయా, లేక పేజీ కింద రాసిన మెయిల్ ఐడీకి నేరుగా వచ్చాయా? ఫారం నుంచి వస్తే సబ్జెక్టులో సైటు పేరు ఉంటుంది. చూసి చెప్పు.

కాడుగోడి_నీళ్ళోడు
చూశా. మూడూ నేరుగా వచ్చినవే.

హెచ్ఎస్ఆర్_కోడర్
అంటే ఫారం నుంచి పద్నాలుగు నెలల్లో సున్నా. ఒక్క చెత్త మెయిల్ కూడా లేదు. అది జరిగే పని కాదు. ఎక్కడో పైపు తెగింది. ఇప్పుడే నువ్వే కస్టమర్‌లా ఫారం నింపి పంపు.

కాడుగోడి_నీళ్ళోడు
పంపా. "ధన్యవాదాలు, మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు" అని వచ్చింది. మెయిల్ రాలేదు. స్పామ్‌లోనూ లేదు.

మారతహళ్ళి_మెస్
ప్రతినిధి అంటే నువ్వే కదన్నా. సంప్రదించుకో.

హెచ్ఎస్ఆర్_కోడర్
రెండు కారణాలుండొచ్చు. ఒకటి, ఫారం మెయిల్‌ని కస్టమర్ జీమెయిల్ నుంచి వస్తున్నట్టు చూపించి హోస్టింగ్ సర్వర్ పంపిస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. పంపేవాడు నిజంగా వాడేనా అని ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే గుర్తింపు పరీక్షలతో చూస్తాయి, తేడా వస్తే తోసేస్తాయి. దానికి మందు, మెయిల్ మన డొమైన్ (సైటు పేరు) ఐడీ నుంచే, దాని మెయిల్ సర్వర్‌లోకి లాగిన్ అయి (ఎస్ఎమ్‌టీపీ) పంపడం, కస్టమర్ మెయిల్‌ని "రిప్లై టు"లో పెట్టడం. రెండో కారణం ఇంకా సింపుల్. మెయిల్ వేరేవాళ్ళకి పోతుండొచ్చు. సైటును నడిపే వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌లోకి వెళ్ళి ఫారం సెట్టింగ్స్‌లో "టు" దగ్గర ఎవరి అడ్రస్ ఉందో చూడు.

కాడుగోడి_నీళ్ళోడు
అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. అతని దగ్గరే ఉంది.

సీఏ_రాజాజీనగర్
డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

కాడుగోడి_నీళ్ళోడు
నా పేరు మీదే అనుకుంటున్నా...

సీఏ_రాజాజీనగర్
"అనుకుంటున్నా" అంటే కాదని అర్థం. ఏ రిజిస్ట్రార్ (సైటు పేర్లు అమ్మే కంపెనీ) దగ్గర కొన్నారో ఆ అకౌంట్ ఎవరి మెయిల్‌తో ఉందో ముందు తేల్చుకోండి. కొట్టు మీది, తాళంచెవి పక్కింటోడిది అన్నట్టుంది వ్యవహారం. రెన్యువల్ డబ్బు కట్టేముందే పాస్‌వర్డ్, డొమైన్, హోస్టింగ్ మూడూ మీ మెయిల్‌కి మార్చమనండి. కట్టాక అడిగితే ఫోన్ ఎత్తడు.

ఆవకాయ_అక్క
జేపీ నగర్ నుంచి పచ్చళ్ళు అమ్ముతా. నాకు సైటు ఒక్క పేజీ. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. బటన్‌కి ఇచ్చే లింకు ఇంతే, డబ్ల్యూఏ డాట్ ఎంఈ స్లాష్ 91 పెట్టి, పక్కనే పది అంకెల నంబరు. ప్లస్ గుర్తు, ముందు సున్నా పెట్టకూడదు, పెడితే తెరుచుకోదు. దాని వెనక ఒక వాక్యం కూడా అతికించొచ్చు. నా బటన్ నొక్కితే "సైటు చూసి మెసేజ్ చేస్తున్నాను, నా ఏరియా" అని దానంతటదే టైపై వస్తుంది. ఎవరు సైటు నుంచి వచ్చారో, ఎవరు చుట్టాల ద్వారా వచ్చారో అందులోనే తెలిసిపోతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్లేం అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త తమ్ముడూ. మెసేజ్ వచ్చాక జవాబు ఎంతసేపట్లో ఇస్తున్నావన్నదే అసలు సంగతి. ఒకసారి గోంగూర వేయిస్తూ మూడు గంటలు ఫోన్ చూళ్ళేదు. వైట్‌ఫీల్డ్ నుంచి ఒకావిడ, కూతురి సీమంతానికి పన్నెండు కేజీలు అడిగింది. నేను చూసేసరికి "ఓకే అండి, వేరేచోట తీసుకున్నాం" అని ఇంకో మెసేజ్. అప్పట్నుంచి వాట్సాప్ బిజినెస్‌లో, నేను చూడనప్పుడు దానంతటదే వెళ్ళే జవాబు పెట్టా, "పొయ్యి మీద ఉన్నాను, గంటలో ఫోన్ చేస్తా" అని. అది చూసి నవ్వుకుని ఆగుతారు.

పీణ్యా_లేత్
పొయ్యి మీద ఉన్నాను అంటే భయపడరా అక్కా?

ఆవకాయ_అక్క
ఇంతవరకు ఎవరూ ఫైరింజన్ పిలవలేదు.

సర్జాపుర_అద్దెకొంప
కస్టమర్ వైపు నుంచి ఒక మాట. మా ఇంట్లో బోరునీళ్ళు. ఆరు నెలలకే షవర్ రంధ్రాలు తెల్లగా మూసుకుపోయాయి. గీజర్ రిపేరు రెండుసార్లు. ఒకడొచ్చి మీటర్ ముంచి "టీడీఎస్ 900, సాఫ్ట్‌నర్ వేసుకోండి తగ్గిపోతుంది" అన్నాడు. ఇంకొకడు ఆర్ఓ అన్నాడు. గూగుల్లో వెతికితే ప్రతి సైటూ "నాణ్యత, నమ్మకం, సేవ" అంటోంది. ఏది కొనాలో ఒక్కడూ చెప్పడు, ఎంతవుతుందో అసలే చెప్పడు. నీళ్ళోడుగారూ, మీరైనా చెప్పండి, సాఫ్ట్‌నర్ వేస్తే టీడీఎస్ తగ్గుతుందా?

కాడుగోడి_నీళ్ళోడు
తగ్గదు సార్. టీడీఎస్ వేరు, హార్డ్‌నెస్ వేరు. నీళ్ళలో కరిగి ఉన్నవన్నీ కలిపి టీడీఎస్. అందులో కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చేది హార్డ్‌నెస్. మీ షవర్‌కి పట్టిన తెలుపు, గీజర్ కాయిల్‌కి పట్టిన పెచ్చు, సబ్బు నురగ రాకపోవడం, ఇవన్నీ హార్డ్‌నెస్ పనులు. సాఫ్ట్‌నర్ లోపల రెజిన్ పూసలుంటాయి. అవి కాల్షియాన్ని పట్టుకుని, బదులుగా సోడియం వదులుతాయి. ఒకటి తీసి ఒకటి ఇస్తుంది కాబట్టి మీటర్ ముంచితే టీడీఎస్ ఇంచుమించు అంతే చూపిస్తుంది. టీడీఎస్ మీటర్‌తో సాఫ్ట్‌నర్ అమ్మేవాడికి పని తెలీదు, లేదా మీకు తెలీదని వాడికి తెలుసు.

తాగే నీళ్ళకి ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. టీడీఎస్ అయితే 500, దిక్కులేకపోతే 2000. అందుకని స్నానానికి, బట్టలకి, గీజర్‌కి సాఫ్ట్‌నర్. తాగడానికి వంటింట్లో చిన్న ఆర్ఓ. ఇల్లంతటికీ ఆర్ఓ పెట్టించుకోకండి, సగం నీళ్ళు మోరీలోకి పోతాయి. ముందు డ్రాప్ కిట్‌తో హార్డ్‌నెస్ కొలిపించండి, ఐదు నిమిషాల పని. రంగు ఎర్ర నుంచి నీలానికి మారేదాకా ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టడమే.

ఇంకోటి. రెజిన్ నిండిపోయాక ఉప్పునీళ్ళతో కడగాలి. ఆ ఉప్పు వెయ్యడం మర్చిపోతే మెషీన్ ఉన్నా లేనట్టే. నా సర్వీస్ కాల్స్‌లో సగం ఇవే. మీకు కావేరి లైను వచ్చిందా? 2024 అక్టోబర్‌లో కావేరి పథకం ఐదో దశ మొదలయ్యాక మా వైపు, నగరంలో కలిపిన 110 గ్రామాల లెక్కలో కొన్ని వీధులకి వస్తోంది. నీళ్ళు పూర్తిగా కావేరివే అయితే సాఫ్ట్‌నర్ జోలికే పోకండి, డబ్బు దండగ.

హెచ్ఎస్ఆర్_కోడర్
అన్నా. పైన రాశావే, అదే నీ పేజీ.

విజన్, మిషన్, దొరల ఫొటో అన్నీ పీకేసి, ఇది కాపీ చేసి పెట్టు. హెడ్డింగ్ "సాఫ్ట్‌నర్ వేస్తే టీడీఎస్ తగ్గుతుందా?". జనం గూగుల్‌ని అడిగేది ఇదే. నేను చెప్తోంది నిజమో కాదో చూడాలంటే గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్ పెట్టుకో, జనం ఏ మాట కొట్టి నీ సైటు దాకా వచ్చారో చూపిస్తుంది, 16 నెలల లెక్క నిల్వ ఉంచుతుంది.

చిక్‌పేట_పాతకాపు
బాగుంది సంబరం. కావేరి నీళ్ళుంటే కొనొద్దు అని సొంత సైట్లో రాసుకుంటాడా? నా కొట్టు ముందు "పక్క కొట్లో చీర చవక" అని బోర్డు పెట్టినట్టుంది.

సర్జాపుర_అద్దెకొంప
పాతకాపుగారూ, ఆ ఒక్క లైను చూసే నేను ఆయనకి ఫోన్ చేయబోతున్నా. మిగతావాళ్ళంతా కొనమన్నారు. ఈయన ఒక్కడే, ముందు కొలిపించు, అక్కర్లేకపోతే కొనకు అన్నాడు.

చిక్‌పేట_పాతకాపు
హ్మ్. మంచిదే, ఒకటి దక్కింది.

యాడ్స్_పిచ్చోడు
ఇదే కంటెంట్‌ని ఏరియా పేర్లు మార్చి నలభై పేజీలు చెయ్. వర్తూరు, బెళ్ళందూరు, హొస్కోటె, కేఆర్ పురం... ప్రతి సెర్చ్‌కీ ఒక పేజీ తగులుతుంది.

హెచ్ఎస్ఆర్_కోడర్
వద్దు. పేరు ఒక్కటి మార్చి పేజీలు గుమ్మరించడాన్ని గూగుల్ డోర్‌వే పేజీలు అంటుంది, స్పామ్ పాలసీలోనే ఉంది. ఏదో రోజు అన్నీ కలిపి లేచిపోతాయి. అన్న నిజంగా పనిచేసిన నాలుగైదు ఏరియాలకి మాత్రం పేజీ పెట్టొచ్చు. అక్కడ ఏ ఇంట్లో కొలిస్తే హార్డ్‌నెస్ ఎంత వచ్చింది, ఏ సైజు బిగించాం, తీసేసిన షవర్ ఫొటో, బిగించాక కుళాయి ఫొటో. ఇంటివాళ్ళ పేరు, డోర్ నంబరు లేకుండా. అది పక్క ఏరియాకి కాపీ కొట్టలేం కదా, అందుకే దానికి విలువ.

యాడ్స్_పిచ్చోడు
నా క్లయింట్‌కి నలభై పేజీలు రెండేళ్ళుగా బాగానే ఉన్నాయి.

హెచ్ఎస్ఆర్_కోడర్
సిగ్నల్ దాటేసినోడు కూడా ఫైన్ చలాన్ వచ్చేదాకా బాగానే ఉంటాడు.

కూచిపూడి_టీచర్
గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? మ్యాప్స్‌లో కనపడేది అదే. నాకు కొత్త పిల్లలు ఎక్కువగా అక్కణ్ణుంచే. 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవాళ్ళు. అందులోనే ఫ్రీగా చిన్న సైటు కూడా ఇచ్చేవాళ్ళు, నాకు ఉండేది, 2024 మార్చిలో తీసేశారు. అదే ఏడాది జూలై ఆఖరుకి చాట్ కూడా ఆపేశారు. అందుకే సొంత సైటు ఒకటి ఉంటే మంచిదంటాను, అద్దింట్లో ఎన్నాళ్ళుంటాం. నీళ్ళోడుగారికి కస్టమర్లు వచ్చే షాపు లేకపోతే అడ్రస్ దాచేసి, ఏ ఏరియాలకి వెళ్తారో మాత్రం పెట్టుకోవచ్చు.

కాడుగోడి_నీళ్ళోడు
అది ఉంది మేడమ్. పేరు "బెస్ట్ వాటర్ సాఫ్ట్‌నర్ ఆర్ఓ సర్వీస్ బెంగళూరు వైట్‌ఫీల్డ్" అని అతనే పెట్టాడు.

కూచిపూడి_టీచర్
అయ్యో, బోర్డు మీద ఉన్న అసలు పేరు పెట్టండి. అలా మాటలు కుక్కితే ఎవరైనా కంప్లయింట్ ఇస్తే ప్రొఫైల్ ఆపేస్తారు. రివ్యూ అడగొచ్చు, డిస్కౌంట్ ఇచ్చి రాయించుకోవడం మాత్రం వాళ్ళ రూల్స్‌కి విరుద్ధం. నేను అరంగేట్రం అయిన రోజు సాయంత్రం అడుగుతాను, అప్పుడు అమ్మమ్మలు కూడా కళ్ళు తుడుచుకుంటూ రాస్తారు.

పీణ్యా_లేత్
రేటు సంగతి తేల్చండి. సైట్లో రేటు పెట్టొద్దు. పోటీవాడు చూసి వంద తగ్గిస్తాడు.

సర్జాపుర_అద్దెకొంప
పోటీవాడు ఎలాగూ కస్టమర్‌లా ఫోన్ చేసి కనుక్కుంటాడు. చూడలేకపోయేది నాలాంటివాడే.

ఆవకాయ_అక్క
"ఇంత నుంచి ఇంత వరకు, బాత్రూములు ఎన్ని ఉంటే ఎంత" అని రాయి తమ్ముడూ. బేరమాడేవాళ్ళు అక్కడే ఆగిపోతారు, నీ పెట్రోలు మిగులుతుంది.

కన్నడతి_కోడలు
మావారు కన్నడ, నేను కర్నూలు. సైట్లో కన్నడ లేనట్టుంది, కన్నడలో కూడా ఒక పేజీ పెట్టండి. 2024లో బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలని చట్టం వచ్చినప్పుడు అందరూ బోర్డులు మార్చారు, సైట్లు ఎవరూ మార్చలేదు. మా అత్తగారు ఫోన్లో మైకు నొక్కి "ಗಡಸು ನೀರು" అని కన్నడలోనే వెతుకుతారు, గడుసు నీళ్ళు అన్నట్టు వినపడుతుంది, హార్డ్ వాటర్ అని అర్థం. మెషీన్ అనువాదం మాత్రం అతికించకండి. మాకు పాంప్లెట్ వచ్చింది ఒకటి, చదివి అత్తగారు వారం నవ్వారు.

మారతహళ్ళి_మెస్
గడుసు నీళ్ళు! అన్నా, సైటు పేరు మార్చెయ్.

మోడరేటర్
కన్నడతి_కోడలుగారూ, ఇక్కడ రూల్ ప్రకారం అంతా తెలుగు లిపిలోనే. ఈసారికి వదిలేస్తున్నా, మాట బాగుంది కాబట్టి.

కాడుగోడి_నీళ్ళోడు
అప్‌డేట్. సైటు చేసినతను మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు బావమరిదిని తీసుకుని ఆఫీసుకే వెళ్ళా. మనిషి మంచోడే, చిన్న పిల్లాడు. సీఏ గారు చెప్పినట్టు ముందు డొమైన్, హోస్టింగ్ నా మెయిల్‌కి మార్పించుకున్నా, తర్వాతే డబ్బు ఇచ్చా. అప్పుడు ఫారం "టు" తెరిచాడు. వాడి టెస్టింగ్ జీమెయిల్ ఉంది. సైటు చేసేటప్పుడు పెట్టుకుని మార్చడం మర్చిపోయాడట. ఆ జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుచేసుకోవడానికి పావుగంట పట్టింది.

తెరిస్తే 41 మెసేజ్‌లు.

వాడి మొహం పాలిపోయింది. నేను తిట్టలేదు, తిట్టడానికి నోరు రాలేదు. ఒక్కొక్కటీ చదివాం. పదిహేను చెత్త. మిగతా 26 నిజమైనవి. "మా పాపకి ఒళ్ళంతా దద్దుర్లు, నీళ్ళ వల్లేమో చూస్తారా" అని ఒకరు. వర్తూరు దగ్గర 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ సెక్రెటరీ, "మొత్తం బిల్డింగ్‌కి కొటేషన్ కావాలి, అర్జెంట్" అని, అర్జెంట్ పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు. అది పోయిన ఏప్రిల్‌ది. నేను ఆ నెలలోనే యాడ్స్‌కి 15,000 కాల్చి పాట్నా ఆయనతో మాట్లాడుతున్నా.

చిక్‌పేట_పాతకాపు
అయ్యయ్యో. నాయనా, నేను మూసెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

హెచ్ఎస్ఆర్_కోడర్
26 మందికీ ఫోన్ చెయ్. లేటైందని సిగ్గుపడకు.

సీఏ_రాజాజీనగర్
ఫోన్ చేయండి, కానీ వాళ్ళు అడిగిన పని గురించే. ఆ నంబర్లన్నీ లిస్టులో వేసి ప్రతి పండక్కీ ఆఫర్ మెసేజ్‌లు కొట్టకండి. 2023 డేటా చట్టం మాట కూడా అదే, ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి.

కాడుగోడి_నీళ్ళోడు
మూడు వారాల తర్వాత రాస్తున్నా. చుక్క తీసేశాం. పైన నొక్కితే మోగే నంబరు, పక్కన వాట్సాప్. ఫారంలో పేరు, ఫోను, ఏరియా. ఏరియా గడి నేనే పట్టుబట్టి ఉంచా, పాట్నా భయం పోలేదు. సర్జాపుర సార్‌కి రాసిన జవాబు పేజీగా పెట్టాం, ఆయన ఇంటి షవర్ ఫొటోతో. కన్నడ పేజీ కోడలుగారు చూసి రెండు తప్పులు దిద్దారు. కొత్తగా పదకొండు ఎంక్వైరీలు, రెండు బిగించాం, ఒకటి మాటల్లో ఉంది. "ఎలా తెలిసింది" అని ప్రతివాళ్ళనీ అడిగి నోట్‌బుక్‌లో రాస్తున్నా.

పాత 26 మందిలో తొమ్మిది మంది ఎత్తనే లేదు. చాలామంది వేరేవాళ్ళతో చేయించుకున్నారు. దద్దుర్ల పాప వాళ్ళు ఇల్లు మారారు, ఇప్పుడు బానే ఉందట. అపార్ట్‌మెంట్ సెక్రెటరీ ఫోన్ ఎత్తి, నేను పేరు చెప్పగానే ఒక నిమిషం నవ్వాడు. "అర్జెంట్ అని రాశాను కదయ్యా, ఏడాదికి చేశావా?" అన్నాడు. వాళ్ళు అప్పుడే వేరే కంపెనీ దగ్గర పెద్ద ప్లాంటు పెట్టించారట. పెట్టినవాడు ఆరు నెలలకి కనపడకుండా పోయాడు. నీళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయి. ఉప్పు ఎవరు వేస్తున్నారు అని అడిగా. కాసేపు మాట లేదు. తర్వాత "ఉప్పు వెయ్యాలా?" అన్నాడు.

ఆదివారం పొద్దున రమ్మన్నాడు, చూసి నెలవారీ కాంట్రాక్టు మాట్లాడదామని. ఇప్పుడు చిక్కేంటంటే హార్డ్‌నెస్ కిట్‌లో చుక్కల మందు నిన్ననే అయిపోయింది. ఆదివారం లోపు వైట్‌ఫీల్డ్ దగ్గర్లో ఎవరి దగ్గరైనా దొరుకుతుందా?

మారతహళ్ళి_మెస్
కిట్ అమ్మేవాళ్ళ సైటుకి వెళ్ళి ఫారం నింపన్నా. వచ్చే ఏడాది ఫోన్ చేస్తారు.